'మొక్క తల' గారి ట్రైనింగ్ సాఫ్ట్‌వేర్: రెండేళ్లు వాడాక నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను, అయిదుకి రెండు. ఆ రెండులో ఒకటి సాఫ్ట్‌వేర్‌కి, ఇంకొకటి రాత్రి పదకొండుకి కూడా ఫోన్ ఎత్తిన వాళ్ల సపోర్ట్ అబ్బాయికి. కంపెనీ పేరు రాయను, కామెంట్లలో అడగొద్దు. సగం తప్పు మాది కూడా, కొనేటప్పుడు ఏం అడగాలో మాకే తెలియలేదు.

నేను పనిచేసేది జడ్చర్ల వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో, హెచ్ఆర్‌లో. ట్రైనింగ్ అంతా నా నెత్తిన. మా దగ్గర ఆరు వందల పైచిలుకు మంది ఉన్నారు, కంపెనీ మెయిల్ ఐడీ ఉన్నవాళ్లు అందులో మూడో వంతు కూడా ఉండరు. మిగతా అంతా ప్రొడక్షన్, ప్యాకింగ్, స్టోర్స్, యుటిలిటీస్ వాళ్లు, మూడు షిఫ్టుల్లో తిరిగేవాళ్లు, ప్రొడక్షన్ లోపలికి ఫోన్ తీసుకెళ్లడానికి లేనివాళ్లు.

డెమో మా కాన్ఫరెన్స్ రూంలో జరిగింది. ఏసీ, ప్రొజెక్టర్, సమోసాలు. వచ్చినాయన బాగా మాట్లాడాడు. వేల కోర్సులు ఉన్నాయన్నాడు, లీడర్‌షిప్, నెగోషియేషన్, టైమ్ మేనేజ్‌మెంట్, ఎక్సెల్, చివరికి బాగా నిద్రపోవడం ఎలా అని కూడా ఒకటి. రంగురంగుల డ్యాష్‌బోర్డు చూపించేసరికి మా పెద్దసారు ముఖం వెలిగిపోయింది. ఆ గదిలో ఏడుగురం ఉన్నాం, ఆ సాఫ్ట్‌వేర్‌ని రోజూ వాడాల్సిన మనిషి ఒక్కడూ లేడు. రెండేళ్ల తర్వాత లెక్క తీస్తే ఆ వేల కోర్సుల్లో మావాళ్లు నిజంగా పూర్తి చేసినవి ఇరవై దాటలేదు, అందులోనూ ఎక్కువ మేమే తయారుచేసి ఎక్కించుకున్నవి. నిద్ర కోర్సు మాత్రం ఇద్దరు పూర్తి చేశారు, ఇద్దరూ సీ షిఫ్టు (రాత్రి డ్యూటీ) వాళ్లే.

మొదటి దెబ్బ లాగిన్ దగ్గరే తగిలింది. యాప్‌కి మెయిల్ ఐడీ కావాలి. లేనివాళ్ల కోసం మేం ముగ్గురం కూర్చుని ఎంప్లాయీ కోడ్‌లతో నాలుగు వందల పైగా మెయిల్ ఐడీలు పుట్టించాం. పాస్‌వర్డ్ మర్చిపోతే రీసెట్ లింకు ఆ మెయిల్‌కి పోతుంది, ఆ మెయిల్‌ని తెరిచే నాథుడు లేడు. దాంతో మొదటి మూడు నెలలు నా ఉద్యోగం పాస్‌వర్డులు మార్చడమే. ప్యాకింగ్‌లో పనిచేసే ఒకాయన, నా తండ్రి వయసు ఉంటుంది, కౌంటర్ దగ్గరికి వచ్చి, "మేడం, నాకు మెయిల్ గియిల్ తెల్వదు, ఫోన్ నంబరుతోని రాదా? గ్యాస్ సిలిండర్ సుత అట్లనే బుక్ చేస్తున్న" అన్నాడు. నేను వాళ్ల సేల్స్ వాళ్లకి రాసిన మెయిళ్లన్నిటికన్నా సూటిగా ఉందా మాట. ఓటీపీ లాగిన్ వస్తుందని చెప్పి పద్నాలుగు నెలలు తిప్పారు. వచ్చింది, దానికి వేరే రేటు.

తర్వాత సున్నాల గొడవ. మా ఎంప్లాయీ కోడ్‌లు ముందు సున్నాలతో మొదలవుతాయి, 00452 అలా. జీతాల సాఫ్ట్‌వేర్‌కీ దీనికీ సంబంధం కలపలేదు (అది కూడా వేరే రేటే), కాబట్టి ప్రతి నెలా కొత్తగా చేరినవాళ్ల లిస్టు ఎక్సెల్‌లో పెట్టి ఎక్కించాలి. ఎక్సెల్ సంగతి మీకు తెలిసిందేగా, కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టకపోతే 00452ని చక్కగా 452 చేసేస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్‌కి 00452 ఒక మనిషి, 452 ఇంకో మనిషి. ఏడో నెలలో చూస్తే కొంతమందికి రెండేసి ఖాతాలు, ఒకదాంట్లో సేఫ్టీ ట్రైనింగ్, ఇంకోదాంట్లో జీఎంపీ (మందుల తయారీలో పాటించాల్సిన పద్ధతులు) ట్రైనింగ్. రెండిటినీ కలపమంటే కలిపే బటన్ లేదన్నారు. నేను ఫోన్ ఎత్తాడని మెచ్చుకున్న అబ్బాయి ఉన్నాడే, అతను రెండు రాత్రులు కూర్చుని లోపల్నుంచి కలిపిపెట్టాడు. ఆ మార్కు ఆయనదే.

తెలుగు గురించి చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. డెమోలో పది భారతీయ భాషలు అన్నారు, నిజమే, ఉన్నాయి. మెషీన్ చేత అనువాదం చేయించి వదిలేశారు. మా సేఫ్టీ కోర్సుని తెలుగులోకి మారిస్తే "మొక్క లోపల ఫోన్లు నిషేధం" అని వచ్చింది. మొక్క అంటే మా ప్లాంట్. ప్లాంట్ హెడ్ గారు "మొక్క తల" అయ్యారు. ఆయన సందేశంతోనే కోర్సు మొదలవుతుంది కాబట్టి అందరూ చూశారు, ఆయనకి ఇప్పటికీ క్యాంటీన్‌లో అదే పేరు, ఆయనకి తెలియదనే అనుకుంటున్నాం. నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ, సాల్వెంట్ ఒలికితే ఏం చేయాలో చెప్పే పేజీలో కూడా అదే నాణ్యత అయితే నవ్వు రాదు. వాల్వు, గ్యాస్కెట్, ఎర్తింగ్, స్పిల్ కిట్, ఇవి మావాళ్లు నోటితో అనే మాటలు, వీటికి తెలుగు చేయక్కర్లేదు, అలాగే వదిలేస్తే అందరికీ అర్థమవుతుంది. చేయాల్సింది చుట్టూ ఉన్న వాక్యాన్ని. అది మనిషి చేయాలి.

చివరికి మేం చేసిన పని చెప్తాను, రెండేళ్లలో బాగా నడిచింది ఇదొక్కటే. మా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ ఒకాయనని నిలబెట్టి, ఫోన్‌తో మూడు నిమిషాల వీడియోలు తీశాం. స్పిల్ కిట్ ఎక్కడుంటుంది, మొదట ఎవరికి చెప్పాలి, మాస్కు ఎలా పెట్టుకోవాలి. వెనకాల మిషన్ చప్పుడు, మధ్యలో ఒకసారి ఆయన తుమ్మాడు కూడా. లక్షలు పోసిన యానిమేషన్ కోర్సులని స్కిప్ చేసినవాళ్లు ఇవి చివరిదాకా చూశారు, ఎందుకంటే ఆ గోడ మాది, ఆ డ్రమ్ములు మావి, ఆ మనిషి రేపు పొద్దున కనిపించి అడిగే మనిషి.

ఇంక పూర్తి చేయడం అనే మాట. డ్యాష్‌బోర్డులో మాకు తొంభై ఎనిమిది శాతం కంప్లీషన్. పెద్దసారు దాన్ని మీటింగ్‌లో చూపించి చప్పట్లు కొట్టించారు. నేను లోపలికెళ్లి చూస్తే నలభై అయిదు నిమిషాల కోర్సుని నాలుగు నిమిషాల్లో ముగించినవాళ్లు బోలెడు మంది. వీడియో ప్లే చేసి టీకి వెళ్లినవాళ్లు ఇంకా బోలెడు. ఒక క్విజ్‌లో అయితే ఒకే షిఫ్టులో అందరికీ ఒకటే మార్కు, అందరూ తప్పు చేసింది ఏడో ప్రశ్నే, అందరూ పెట్టిన తప్పు జవాబు కూడా ఒకటే. జవాబులు గ్రూపులో పెట్టిన మహానుభావుడికి ఏడోది రాలేదన్నమాట. వాళ్లని తిట్టి లాభం లేదు. ప్రశ్నల బ్యాంకు పెట్టి ఒక్కొక్కరికి వేరేవి ఇచ్చే సౌకర్యం ఈ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, మాకెవరూ చెప్పలేదు, మేం అడగలేదు.

ఇప్పుడు అసలు కథకి వస్తాను, ఆడిట్.

మందుల ఫ్యాక్టరీలో ట్రైనింగ్ రికార్డు అంటే హెచ్ఆర్ ముచ్చట కోసం కాదు. అమెరికాకి మందులు పంపేవాళ్లకి 21 సీఎఫ్ఆర్ 211 అనే అక్కడి నిబంధనల్లో పని చేసే ప్రతి మనిషికీ ఆ పనికి తగ్గ చదువు, ట్రైనింగ్, అనుభవం ఉండాలని రాసి ఉంటుంది. రికార్డులు కంప్యూటర్లో పెట్టుకుంటే అదే 21 సీఎఫ్ఆర్‌లోని పార్ట్ 11, అది 1997 నాటిది, అందులో ఒక మాట ఉంది: రికార్డు మారిస్తే పాత సమాచారం కనిపించకుండా పోకూడదు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో టైముతో సహా ఉండాలి. ఈ రెండు మాటలు డెమో రోజు ఆ సేల్స్ ఆయన ముందు పెట్టి ఉంటే చాలా డబ్బు మిగిలేది.

ఆడిటర్ ఒక బ్యాచ్ రికార్డు (ఒక విడత మందుని ఎవరు, ఎలా తయారుచేశారో రాసిన కాగితాలు) తీసి, ఒక ఆపరేటర్ సంతకం మీద వేలు పెట్టి, "ఈయన ఈ తేదీన ఈ మిషన్ నడిపారు. ఆ రోజు అమలులో ఉన్న ఎస్ఓపీ వెర్షన్ మీద ఈయనకి ట్రైనింగ్ అయిందా, చూపించండి" అన్నాడు. ఎస్ఓపీ అంటే ఆ పని ఎలా చేయాలో రాసిపెట్టిన పద్ధతి. మామూలు ప్రశ్న, ప్రతి ఆడిట్‌లో వచ్చేదే. నేను ధీమాగా సాఫ్ట్‌వేర్ తెరిచాను. అక్కడ కనిపించిన తేదీ బ్యాచ్ తేదీకి రెండు నెలల తర్వాతది. అంటే ట్రైనింగ్ లేకుండానే మిషన్ నడిపాడన్నట్టు ఉంది. ఒళ్లు చల్లబడింది. జరిగింది ఏమిటంటే, ఎస్ఓపీ నాలుగో వెర్షన్ నుంచి అయిదుకి మారినప్పుడు మేం అదే కోర్సులో ఫైల్ మార్చి, అందరినీ మళ్లీ చేయమన్నాం. మళ్లీ చేయగానే పాత తేదీ పోయి కొత్త తేదీ వచ్చి కూర్చుంది. నాలుగో వెర్షన్ మీద ఆయన ట్రైనింగ్ తీసుకున్నాడనడానికి స్క్రీన్ మీద ఏ ఆనవాలూ లేదు.

మమ్మల్ని కాపాడింది క్యూఏలో (క్వాలిటీ చూసే విభాగం) పనిచేసే ఒక అక్క. ఆవిడకి మొదటినుంచీ ఈ సాఫ్ట్‌వేర్ మీద నమ్మకం లేదు, ప్రతి ట్రైనింగ్‌కీ కాగితం మీద సంతకాలు తీసుకుని ఫైల్ చేసి పెట్టుకుంది. మేం వెనకాల నవ్వుకునేవాళ్లం. ఇరవై నిమిషాల్లో ఆ ఫైల్ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది, ఆపరేటర్ సంతకం, తేదీ, వెర్షన్ నంబరు. ఆ రోజు నుంచి ఆవిడ టిఫిన్ డబ్బా కూడా నేనే మోస్తానంటే నమ్మండి. కాగితం తగ్గించడానికి కొన్న సాఫ్ట్‌వేర్ కాగితం వల్ల బతికింది.

ఈ గొడవ మందుల కంపెనీలకే అనుకోకండి. క్రేన్ నడిపేవాడైనా, బ్యాంకు కౌంటర్‌లో కూర్చునేవాడైనా, ఏదైనా జరిగాక అడిగేది ఇదే: ఆ రోజుకి ఆ మనిషికి ఏం నేర్పారు. ఇవాళ్టి శాతం ఎవడికి కావాలి.

సగంలో ఆపిన కోర్సు మళ్లీ మొదటికి వచ్చే జబ్బు కూడా ఉంది మాకు. సీ షిఫ్టువాళ్లు రాత్రి బ్రేకులో ఇరవై నిమిషాలు చూసి, మర్నాడు తెరిస్తే మళ్లీ మొదటి స్లైడు. "ఎంత ఒత్తినా ముంగటికి పోతలేదు మేడం, నిన్న చూసిందే మళ్ల చూపిస్తుంది." సపోర్ట్‌కి రాస్తే క్యాష్ (బ్రౌజర్ దాచుకునే పాత డేటా) క్లియర్ చేయమన్నారు. ఏడు సార్లు చేశాం. అసలు కారణం మా ఐటీ కుర్రాడు పట్టాడు. ఈ కోర్సులన్నీ స్కార్మ్ అనే పద్ధతిలో పెట్టెలా కట్టి ఇస్తారు, దాని 1.2 వెర్షన్ 2001 నాటిది, ఇప్పటికీ చాలా కోర్సులు అందులోనే వస్తాయి. మనిషి ఎక్కడ ఆపాడో, ఏం జవాబు పెట్టాడో గుర్తు పెట్టుకోవడానికి ఆ వెర్షన్‌లో ఇచ్చిన చోటు 4096 అక్షరాలు, అంతే. మా కోర్సు తొంభై స్లైడులు, మధ్య మధ్యలో ప్రశ్నలు. చోటు నిండిపోయింది, గుర్తు పోయింది. ఆ ఒక్క కోర్సుని నాలుగు చిన్న కోర్సులుగా కోశాం, జబ్బు పోయింది. ఇది వాళ్ల సాఫ్ట్‌వేర్ తప్పు కూడా కాదు నిజానికి, కానీ ఏడుసార్లు క్యాష్ క్లియర్ చేయించింది మాత్రం వాళ్లే.

లైంగిక వేధింపుల నివారణ కోర్సు గురించి విడిగా చెప్పాలి, చాలా హెచ్ఆర్‌లు ఆన్‌లైన్ ట్రైనింగ్ కొనేదే దీనికోసం. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, ఉద్యోగులకి అవగాహన కార్యక్రమాలు పెడుతూ ఉండాలి, కమిటీ సభ్యులకి కూడా ట్రైనింగ్ ఇవ్వాలి. మాకు వీళ్లిచ్చిన రెడీమేడ్ కోర్సులో గాజు గోడల ఆఫీసు, కోట్లు వేసుకున్న బొమ్మలు, కాఫీ మిషన్ దగ్గర సంభాషణ. మా ప్యాకింగ్ హాలులో ఆడవాళ్లకి వచ్చే ఇబ్బంది వేరు, కాంట్రాక్టు సూపర్‌వైజర్ షిఫ్టు వేసే దగ్గర, బస్సులో వచ్చే పోయే దగ్గర. కోర్సు అయ్యాక ఒకామె నన్ను పక్కకి పిలిచి అడిగింది: "అంతా బాగుంది మేడం, ఎవరికి చెప్పాలె?" నలభై నిమిషాల్లో మా కమిటీ సభ్యుల పేర్లు ఎక్కడా లేవు, ఉండవు కూడా, అది అందరికీ ఒకటే కోర్సు. ఫిర్యాదు మామూలుగా మూడు నెలల్లోపు ఇవ్వాలన్న సంగతి ఉంది, కానీ ఎక్కడో ముప్పై రెండో స్లైడులో, ఇంగ్లీషులో. మేం తర్వాత మొదటి స్లైడే మార్చేశాం, కమిటీ సభ్యుల ఫోటోలు, పేర్లు, ఫోన్ నంబర్లు. ఆ మార్పుకి వాళ్లు అనుమతి ఇవ్వడానికి అయిదు వారాలు. ఇప్పుడు ఆన్‌లైన్ కోర్సు చేయిస్తూనే, సంవత్సరానికి రెండుసార్లు మనుషుల్ని కూర్చోబెట్టి కూడా మాట్లాడుతున్నాం, కొన్ని ప్రశ్నలు స్క్రీన్‌ని అడగరు.

యాప్ లొకేషన్, కాంటాక్టులు అడిగేది. ఎందుకని అడిగితే జవాబు లేదు. తీయించాం.

నోటిఫికేషన్లు: ఆదివారం పొద్దున ఆరింటికి "మీ నేర్చుకునే ప్రయాణం మీకోసం ఎదురుచూస్తోంది". ఆపించాం.

ఇంతకన్నా పెద్ద విషయం, ఇది సాఫ్ట్‌వేర్‌కి సంబంధించింది కాదు, మాకు సంబంధించింది. పెండింగ్ లిస్టు ప్రతి సోమవారం ఎర్ర రంగులో వచ్చేది, సూపర్‌వైజర్లు ఆ లిస్టు పట్టుకుని మనుషుల్ని కసిరేవారు. ఒకరోజు నేనే లిస్టు ముందేసుకుని చూస్తే, ఎరుపులో ఉన్నవాళ్లంతా లైను వదిలి రాలేనివాళ్లు. వాళ్లు ఇంటికెళ్లి, సొంత డేటాతో, నిద్ర మానుకుని చూడాలని మేం అనుకుంటున్నాం, పైకి అనకుండా. ఆఫీసులో కూర్చునే మేం మాత్రం పని టైములోనే చేసుకుంటున్నాం. ఇది అన్యాయమని చెప్పడానికి చట్టం చదవక్కర్లేదు. క్యాంటీన్ పక్కన రెండు పాత కంప్యూటర్లు పెట్టించాను, షిఫ్టులోనే నెలకి గంట ట్రైనింగ్ టైముగా రాయించాను. దానికి ప్రొడక్షన్ వాళ్లతో పోట్లాట రెండు నెలలు పట్టింది. తర్వాతి త్రైమాసికంలో ఎరుపు సగానికి పైగా తగ్గింది. ఏ ఫీచరూ కొనలేదు.

డబ్బు సంగతి. మనిషికి నెలకి ఇంత అని రేటు. వినడానికి చిన్నదే. కానీ మాకు కాంట్రాక్టు మనుషులు మారుతూనే ఉంటారు, వెళ్లిపోయినవాళ్ల ఖాతా ఆపితే వాళ్ల పాత రికార్డు కూడా రిపోర్టులోంచి మాయం, ఆపకపోతే వాళ్లకీ డబ్బు కట్టాలి. మాకు రికార్డు కావాలి కాబట్టి ఉద్యోగం మానేసిన వందమందికి పైగా నెలనెలా కట్టాం. లాగిన్ అయినవాళ్లకే రేటు అనే పద్ధతి కూడా మార్కెట్లో ఉంటుందని తర్వాత తెలిసింది.

ఇక వదిలేద్దామని డేటా అడిగితే, వేల సంఖ్యలో పీడీఎఫ్ సర్టిఫికెట్లు ఒక జిప్ ఫైల్‌లో పంపారు. ఫైల్ పేర్లలో ఎంప్లాయీ కోడ్ లేదు, పేరు కూడా లేదు, ఏవో అంకెలు. మనిషి, కోర్సు, వెర్షన్, తేదీ, మార్కులు ఒక పట్టికలో ఇమ్మంటే మళ్లీ వేరే రేటు అన్నారు. ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. మావాళ్ల రికార్డు మాకే అమ్మడం ఏమిటి? కొనేటప్పుడే, సంతకం పెట్టకముందే, బయటికి వెళ్లేటప్పుడు ఏం ఇస్తారో నమూనా ఫైల్ తెప్పించుకుని చూడండి.

మరి ఏం వాడమంటారు అని అడిగేవాళ్లకి: మూడుల్ అని ఒకటి ఉంది, ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియామాస్ మొదలుపెట్టింది, మొదటి వెర్షన్ 2002లో వచ్చింది. కాలేజీల్లో చాలామంది చూసే ఉంటారు. ఓపెన్ సోర్స్, లైసెన్సు డబ్బు లేదు, ప్రశ్నల బ్యాంకు ఉంది, ఫోన్ యాప్‌లో కోర్సు దించుకుని నెట్ లేకుండా చూడొచ్చు. కానీ ఉచితం అంటే సర్వర్ మనది, బ్యాకప్ మనది, పాడైతే చూసే మనిషి మనవాడు. మాలాంటి చోట అయితే ఆ సిస్టమ్‌ని వాలిడేట్ చేసే (సరిగ్గా పనిచేస్తోందని పరీక్షించి రుజువు రాసిపెట్టే) పని కూడా మనదే. ఐటీలో ఒక్కడే ఉన్న కంపెనీ అయితే ఆ ఒక్కడికి ముందు టీ ఇప్పించి అడగండి, తర్వాత నిర్ణయించుకోండి.

మాకు వచ్చే నెల ఇంకో కంపెనీ వాళ్ల డెమో ఉంది. కాన్ఫరెన్స్ రూం వద్దన్నాను. మధ్యాహ్నం ఒకటిన్నరకి క్యాంటీన్‌లో పెట్టమన్నాను, బీ షిఫ్టు వాళ్లు లోపలికి వచ్చే టైము. ప్రొజెక్టర్ లేదు. ప్యాకింగ్ పెద్దాయన తన ఫోన్ తెచ్చుకుంటానన్నాడు, స్క్రీన్ ఒక మూల పగిలింది, పనిచేస్తుంది. క్యూఏ అక్క ఒక పాత బ్యాచ్ రికార్డు పట్టుకుని వస్తుంది. సమోసాలు మాత్రం ఉంటాయి.